లక్కీ ఫోర్‌లో ఐదో గొంతు

మా ఆర్గాన్ టీచర్ పోయారన్న కబురు గురువారం పొద్దున ఫోనులో తెలిసింది. ఫోను చేసింది సువార్త, నాతో క్వయర్‌లో పాడిన మనిషి. మంచి కబురైనా చెడ్డ కబురైనా తిన్నగా చెప్పడం దానికి చిన్నప్పటి నుంచీ చేతకాదు. ముందు మా ఆయన షుగరు ఎలా ఉందని అడిగింది, తర్వాత ఈ ఏడు మిరపకాయ ధర ఎలా ఉందని అడిగింది, ఆ తర్వాత బావురుమంది. తెల్లవారుజామున నిద్రలోనే పోయారట, మర్నాడు పదకొండింటికి భూస్థాపన అట. సరే అని ఫోను పెట్టేశాను. పెట్టేశాక కూర్చోలేకపోయాను. పాలు పొయ్యి మీద పెట్టాను, కాగకముందే దించాను, మళ్ళీ పెట్టాను. తెల్ల చీర కోసం వెతుకుతూ బీరువాలో బట్టలన్నీ కింద పడేశాను. వాకిట్లోకి వెళ్ళాను, ఎందుకు వెళ్ళానో మర్చిపోయి లోపలికొచ్చాను. మా ఆయన చూసి చూసి, కాసేపు కుదురుగా ఉండవే తల్లీ అని బతిమాలాడు. కుదురు నా ఒంట్లో ఎప్పుడుంది గనక ఇప్పుడుండటానికి.

అసలు సంగతి చెప్పేస్తాను, దాచుకుని చేసేదేముంది. ఆవిడను నేనొక మాట అడగాల్సి ఉంది. దాదాపు నలభై ఏళ్ళుగా రేపు అడుగుదాం, ఎల్లుండి అడుగుదాం అనుకుంటూనే ఉన్నాను. ఇద్దరిదీ ఒకే ఊరు, మధ్యలో నాలుగు వీధులు. ప్రతి ఆదివారం ఒకే చర్చిలో, ఒకే ఆడవాళ్ళ వైపు కూర్చున్నాం. అయినా నోరు రాలేదు. ఆవిడ చేతుల కిందనుంచి ఆర్గాన్ పోయింది నా వల్ల. నన్ను క్షమించారా అని అడగాలి. ఇప్పుడు అడగడానికి మనిషే లేరు.

ఆవిడ మా మిషన్ హైస్కూల్లో కుట్లూ పాటలూ నేర్పే టీచరు. గుంటూరు నుంచి పడమరగా బస్సులో గంటన్నర పోతే వస్తుంది మా ఊరు, చుట్టూ పత్తి, మిరప. ఆవిడ పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగినవాళ్ళకి తీరిక దొరకలేదండీ అని జవాబు చెప్పేవారు. తెల్ల చీర, నల్ల గొడుగు, చేతిలో కుట్టు సంచి. ఆ సంచిలో సూదులూ దారాలతో పాటు కరక్కాయ ముక్కలుండేవి, గొంతు కోసం. మేం అడిగితే ఒకటి ఇచ్చి, మింగకుండా బుగ్గన పెట్టుకోమనేవారు. ఆ వగరుకు మూతి వంకర పోయేది.

ఆదివారం ఆరాధనలో కాళ్ళతో తొక్కే ఆర్గాన్ వాయించేది ఆవిడే. ఎప్పుడో దొరసానులు వదిలేసిపోయిన పాత పెట్టె అది. దాని మెట్లలో మూడు పలకవు. ఏ మూడో ఆవిడ వేళ్ళకే తెలుసు, పాట ఎక్కడా తెగకుండా వాటిని తప్పించుకుంటూ పోయేవారు. వానాకాలం ముందు దాని లోపలి తోలు తిత్తి చిల్లులు పడితే తనే విప్పి, చెప్పులు కుట్టే దారంతో అతుకు వేసేవారు. నేను పక్కన కూర్చుని సూదిలోకి దారం ఎక్కించి ఇచ్చేదాన్ని. మనిషి ఎంత గట్టిగా కనిపించినా ఆ పెట్టె దగ్గర మాత్రం చంటిపిల్లను ఎత్తుకున్న తల్లిలా ఉండేవారు. పదిహేనేళ్ళు ఆ బల్ల మీద ఇంకొకరు కూర్చోలేదు.

క్వయర్‌లో మాకు నాలుగు గొంతుల పాట నేర్పారు. ఆడవాళ్ళలో పైగొంతు, దాని కింద రెండో గొంతు, మగవాళ్ళలో మళ్ళీ రెండు. అందరం ఒకే పాట పాడుతున్నా ఎవరి దారి వాళ్ళది, అన్నీ కలిస్తేనే పాట. సువార్తది పైగొంతు, నాకు రెండోది పడింది. నాకది తలవంపుగా ఉండేది. జనం ఇంటికి వెళ్తూ పాడుకునేది పైగొంతునే గానీ రెండో గొంతును ఎవరు పట్టించుకుంటారు? మొహం మాడ్చుకుంటే ఆవిడ వేలి కణుపుతో నా వీపు మీద తాళం కొడుతూ, "నువ్వు పాడుతున్నట్టు ఎవరికీ తెలియకూడదు పిల్లా. నువ్వు ఆపేస్తే మాత్రం పాట బోసిపోయిందని అందరికీ తెలియాలి" అనేవారు. ఇరవై ఏళ్ళ పిల్లకు ఆ మాట ఎక్కుతుందా? ఎక్కలేదు.

ఎనభైల మొదట్లో సంగతి ఇది. ఎటు చూసినా డిస్కో. డిస్కో చీరలు, డిస్కో గాజులు, మా బస్టాండు హోటల్లో డిస్కో బజ్జీ అని బోర్డు కూడా పెట్టారు, తింటే మామూలు బజ్జీయే. ఆ రోజుల్లో మా వీధి చివర ఖాసిం వాళ్ళింటికి కువైట్ నుంచి వాళ్ళ మేనమామ వచ్చాడు. ఒక టేపు రికార్డరు, నాలుగు క్యాసెట్లు తెచ్చాడు. అందులో ఒకటి డిస్కో పాటలది. పై కాయితం చిరిగిపోయింది, పాడినవాళ్ళు ఎవరో, ఏ దేశమో తెలియదు. ఖాసిం వాళ్ళది దూది ఏకి పరుపులు కుట్టే ఇల్లు. దూది ఏకే విల్లు దెబ్బల మధ్య పుట్టి పెరిగినవాడు కాబట్టి వాడి చేతికి లయ పుట్టుకతోనే వచ్చింది. ఆ క్యాసెట్టు పెట్టి, రేకు డబ్బా బోర్లించి వాయిస్తుంటే మా బావ గిటారు పట్టుకుని వచ్చి చేరాడు. బావ అంటే ఇప్పటి మా ఆయన. వెనకే సువార్తా నేనూ.

మాకు తాళం దెబ్బ వచ్చింది గానీ గొంతులు కలవలేదు. పది రోజులు కిందా మీదా పడి, ఆఖరికి దొంగల్లా క్యాసెట్టు తీసుకుని టీచర్ గారింటికి వెళ్ళాం. తిడతారనుకున్నాం. ఆవిడ కళ్ళు మూసుకుని ఒకసారి విన్నారు, మళ్ళీ పెట్టమన్నారు. మూడోసారికి కుట్ల నోటుపుస్తకంలో క్వయర్‌లో స్వరాలకు గుర్తుగా రాసుకునే మా సోల్ఫా అక్షరాలు గబగబా రాసేస్తున్నారు. పాడేది ఇద్దరు ఆడవాళ్ళు, ఇద్దరు మగవాళ్ళు అని తేల్చారు. "ఇది మన నాలుగు గొంతుల పాటేనే. అడుగున ఆ డప్పొక్కటే కొత్త" అన్నారు. మొహంలో అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు.

ఆ పాటల్ని అట్లాగే పాడటానికి ఆవిడ ఒప్పుకోలేదు. అర్థం తెలియని మాట నోట్లో పెట్టుకుంటే గొంతు తెరుచుకోదట. పద్ధతి మాత్రం వాళ్ళది తీసుకుని, రాగమూ మాటలూ తనే కట్టారు. మా పేరు నిలబెట్టిన పాట అందులో మొదటిది. "కళ్ళంలో ఎండ ఆడింది, కాయలతో నేనాడాను" అని ఎత్తుకునేది. మిరపకాయలు ఆరబోసే కళ్ళం మీద డిస్కో ఏంటని మేం నవ్వాం. ఖాసిం దెబ్బ వేశాక నవ్వు ఆగిపోయింది. కాళ్ళు వాటంతటవే కదిలాయి.

ఇంట్లో పాడితే ఊరంతా వింటుంది. అందుకని ఖాసిం బాబాయి కాపలా ఉండే మిర్చి గోడౌనులో చేరాం. నాలుగు పక్కలా కప్పు దాకా బస్తాలు, లోపల అరిచి చచ్చినా బయటికి వినపడదు. కళ్ళు మండేవి, ముక్కులు కారేవి. రెండు నెలలు అక్కడే సాధన చేశాం, ఖాసిం డ్రమ్ములూ అక్కడే ఉంచాం. టీచర్ గారు గుమ్మం దగ్గర గొడుగు వేసుకుని కూర్చుని వినేవారు. పార్టీకి లక్కీ ఫోర్ అని పేరు పెట్టింది మా బావ. టీచర్ గారు అందులో లెక్క కాదు, ఆవిడ మాట అదే. స్కూలు చర్చివాళ్ళది, మా సంఘ పెద్దల దృష్టిలో డిస్కో అంటే సైతాను గంతులు. తెలిసిందంటే ఆర్గాన్ పోతుందే అని మాతో సూటిగా చెప్పారు.

మొదటి ప్రోగ్రాం తెలిసినవాళ్ళు ఉండరని పొదిలిలో ఒప్పుకున్నాం, ఒక పెళ్ళికి. రెండు ట్రాక్టరు ట్రక్కులు పక్కపక్కన పెడితే స్టేజీ, వెనక కాయల మీద కప్పే పరదా పట్టా. టీచర్ గారు ఆ పరదా వెనక నోటుపుస్తకం పట్టుకుని కూర్చున్నారు, మాట మర్చిపోతే అందించడానికి. జనం నిండుగా ఉన్నారు. ఖాసిం జుట్టు వెనక్కి విసిరి, కర్రలు ఎత్తి, గట్టిగా ఒక దెబ్బ వేశాడు. డ్రమ్ములోంచి ఎర్రటి దుమ్ము లేచింది. రెండు నెలల మిర్చి ఘాటు అంతా దాంట్లోనే కూర్చునుంది. రెండో దెబ్బకు ముందు వరస పెళ్ళివారు తుమ్మడం మొదలుపెట్టారు, మూడో దెబ్బకు సువార్త నోరు తెరిచి దగ్గులో పడిపోయింది. కళ్ళలో నీళ్ళు, మాట లేదు. నేను రెండో గొంతు పాడుతూనే ఉన్నాను, పైన ఏమీ లేదు. ఇక చెప్పులు పడతాయనుకున్నాను.

అప్పుడు వెనకనుంచి ఎత్తుకున్నారు ఆవిడ. చర్చిలో పదిహేనేళ్ళు విన్న గొంతే గానీ నేను గుర్తుపట్టలేదు. చర్చిలో ఆవిడ పాట ఆర్గాన్ కింద అణిగి ఉండేది, ఎప్పుడూ ఇంత బయటికి రాలేదు. దగ్గుతున్న జనం దగ్గుతూనే తలెత్తారు. పాట అయ్యాక పెళ్ళికూతురు తండ్రి స్టేజీ దగ్గరికొచ్చి, ఆ పై పాట ఎవరు పాడారమ్మా అని అడిగాడు. మేం పరదా ఎత్తి చూస్తే ఆవిడ లేరు. అప్పటికే గొడుగు తీసుకుని బస్టాండుకు నడిచారు. మేం పరిగెత్తుకెళ్ళి బస్సులో కలిస్తే, వేరుశనక్కాయలు ఒలుస్తూ ఆ పాట ఊసే ఎత్తలేదు. డ్రమ్ములు దులిపి పెట్టుకో నాయనా అని ఖాసింకి మాత్రం చెప్పారు.

అట్లా మొదలైంది. ఆ తర్వాత రెండేళ్ళలో మేం తిరగని ఊరు లేదు. పెళ్ళిళ్ళు, తిరునాళ్ళు, కోత అయ్యాక రైతులు పెట్టుకునే సరదా ప్రోగ్రాములు. అమరావతిలో కృష్ణ ఒడ్డున పాడితే అవతలి ఒడ్డునుంచి పడవ కట్టుకుని వచ్చారు. ఖాసిం వాళ్ళమ్మ తళుకుల గుడ్డతో బట్టలు కుట్టింది. బావ తెల్ల బూట్లు కొన్నాడు, అవి కరుస్తుంటే కుంటుకుంటూ ఆడాడు, కుర్రాళ్ళు అదే స్టైలని కుంటడం మొదలుపెట్టారు. హారన్ స్పీకర్లలో కింది గొంతులు అక్కడక్కడే పడిపోయేవి, పైగొంతు మాత్రం చేల మీదుగా రెండు ఊళ్ళ దాకా పోయేది. పత్తి తీసే ఆడవాళ్ళు నడుం ఎత్తకుండానే అది పాడుకునేవారు. జనం అందరి దగ్గరా ఒకటే వాదన. స్టేజీ మీద నలుగురు, వినపడేది ఐదు గొంతులు. అసలైనది ఆ ఐదోదే.

ఆవిడ శనివారాలే వచ్చేవారు, సాయంత్రం ప్రోగ్రాం అవగానే వెళ్ళిపోయేవారు, ఆదివారం ఎనిమిదింటికి ఆర్గాన్ ముందు ఉండాలి. ఎవరైనా అడిగితే చెల్లెలి ఇంటికి అనేవారు. ఆవిడకు చెల్లెలు లేదు. డ్రమ్ముల పెట్టె మీద కూర్చుని, మైకుకు చేతిరుమాలు చుట్టి, ఒక చెవి మూసుకుని పాడేవారు. అయ్యాక ఎవర్నీ మెచ్చుకోరు. నువ్వు రెండో చరణంలో పరిగెత్తావు, నువ్వు తాళం మింగావు అని వరసగా అప్పజెప్పేవారు. నాకు తల కొట్టేసినట్టుండేది. ఊళ్ళకు ఊళ్ళు వెర్రెత్తిపోయే గొంతు ఒక చింకి పట్టా వెనక కూర్చోవడమేంటి? ముందుకు రండి అని ప్రతి శనివారం పోరాను. ఒకసారి విసుగొచ్చి చెప్పారు. "ముందుకొస్తే నన్ను చూస్తారే. ఇక్కడుంటే పాట వింటారు." నేను భయం అనుకున్నాను. ఆర్గాన్ పోతుందన్న భయం కొంత ఉంది, నిజమే. మిగతాది అర్థం చేసుకునే ఓపిక నాకెక్కడిది?

పిడుగురాళ్ళలో సున్నపు బట్టీ యజమాని ఇంట్లో పెళ్ళి. సాయంత్రం నాలుగింటికి పెట్టుకున్నారు. చెట్లూ ఇళ్ళూ షామియానా అన్నీ సున్నం దుమ్ముతో తెల్లగా ఉన్నాయి. రెండు పాటలు బాగానే జరిగాయి. మూడోది కళ్ళం పాట ఎత్తుకోగానే ముందున్న కుర్రాళ్ళ గుంపు లేచి, టేపు టేపు అని అరవడం మొదలుపెట్టింది. లోపల టేపు పెట్టి వీళ్ళు నోరు ఆడిస్తున్నారు, దొంగ పార్టీ అని. ఒకడు సోడా మూత విసిరాడు, అది సువార్త నుదుటికి తగిలింది. మనిషుంటే చూపించమని కేకలు. బావ నా వైపు చూసి వద్దన్నట్టు తల ఊపాడు. ఆ తల ఊపడంతోనే నాకు ఇంకా ఒళ్ళు మండింది. రెండేళ్ళ నుంచి కష్టపడి పాడుతుంటే దొంగలమా? పాడుతూ పాడుతూ వెనక్కి నడిచి, పరదా కట్టిన తాడు పట్టుకుని ఒక్క గుంజు గుంజాను.

పట్టా మొత్తం కింద పడింది. ఎండ ఆవిడ మొహాన కొట్టింది. పెట్టె మీద తెల్ల చీరలో కూర్చుని, ఒక చేత్తో చెవి మూసుకుని, రెండో చేతి కణుపుతో మోకాలి మీద తాళం వేసుకుంటున్నారు. కళ్ళు తెరిచారు. ముందు నా వైపే చూశారు. నేను ఆపేశాను. నన్ను చూసి సువార్త ఆపింది, బావా ఖాసిమూ ఆపారు. ఆవిడ ఆపలేదు. ఒక్కరే, దెబ్బ లేకుండా, కింద గొంతు లేకుండా, చరణం చివరి దాకా పాడి ముగించారు. అరిచిన కుర్రాళ్ళు నోళ్ళు తెరుచుకుని నిలబడ్డారు. తర్వాత ఈలలు, చప్పట్లు. ముందు వరస కుర్చీలో మా సంఘం కార్యదర్శి గారు ఉన్నారు, పెళ్ళివారికి ఏదో చుట్టరికమట. ఆయన చప్పట్లు కొట్టలేదు. చేతిలో షర్బత్ గ్లాసు నేల మీద పెట్టి లేచి వెళ్ళిపోయారు.

వారం తిరక్కుండా పెద్దలు కూర్చున్నారు. ఆదివారం సంఘం ముందు నిలబడి క్షమాపణ చెబితే సరే, లేదంటే ఆర్గాన్ తాళం చెవి ఇచ్చెయ్యాలి. ఉద్యోగం జోలికి మాత్రం పోలేదు. తెలిసి పరిగెత్తాను. ఆవిడ ఇంటి అరుగు మీద కూర్చుని పిల్లల కుట్లు దిద్దుతున్నారు. నేనే బలవంతంగా తీసుకెళ్ళానని చెబుతాను, మీరు ఒక్క మాట అనండి చాలు, ఎవరి సొమ్మేం పోయింది అని ఏడ్చాను. ఆవిడ సూది పక్కన పెట్టారు. "పరదా లాగింది నువ్వు. పాడింది నేను. పాడినందుకు క్షమాపణ ఎట్లా చెప్పనే? ఇన్నాళ్ళూ ఆర్గాన్ మీద చేసింది కూడా అదే కదా" అన్నారు. నాకు సిగ్గేసింది. లాగినందుకు క్షమించండి అని అప్పుడే అనేస్తే అయిపోయేది. అనలేదు. లేచి ఇంటికొచ్చేశాను.

ఆ ఆదివారం ఒక కొత్త కుర్రాడు వాయించాడు. పలకని ఆ మూడు మెట్ల మీదా వాడి వేళ్ళు పడి, ప్రతి పాటా మధ్య మధ్య తెగిపోయింది. టీచర్ గారు ఆడవాళ్ళ వైపు చాప మీద నాలుగో వరసలో కూర్చున్నారు. మోకాళ్ళ మీద బైబిలు, దాని అట్ట మీద ఆవిడ వేళ్ళు వాటంతటవే నడుస్తున్నాయి. అది చూడలేక మరుసటి వారం నుంచి నేను ఆవిడ వెనక వరసకు మారిపోయాను. జనం మాత్రం ఆవిడను చివరి దాకా ఆర్గాన్ టీచర్ అనే పిలిచారు. ఎవరైనా అట్లా పిలిచినప్పుడల్లా నా ప్రాణం చివుక్కుమనేది.

ఆవిడ మళ్ళీ మాతో రాలేదు. మూడు ఊళ్ళలో మేమే పాడాం. ఐదో గొంతు ఏదని జనం అడిగారు, పార్టీ ఎత్తేశాం. సువార్త నర్సు ఉద్యోగం వచ్చి ఒంగోలు పోయింది, ఖాసిం పరుపుల కొట్టు పెట్టుకున్నాడు, నేను బావను చేసుకుని అతగాడి తెల్ల బూట్లు పాతసామాన్లవాడికి ఇచ్చేశాను. అంతా అయిపోయిందనుకున్నాం. చోద్యం ఏమిటంటే జనం మర్చిపోలేదు. ఇప్పటికీ ఏ పెళ్ళికి వెళ్ళినా నెరిసిన తలలు ఒకటి రెండు నా వైపు వంగి, మీరు లక్కీ ఫోర్ కదూ అంటాయి. అవునని నేను మురిసేలోగా రెండో ప్రశ్న వస్తుంది. ఆ లోపల పాడినావిడ ఎవరండీ అని. పిడుగురాళ్ళలో చూసినవాళ్ళకు కూడా తెల్ల చీర ఆవిడ అనే గుర్తు.

ఆవిడ నాతో మామూలుగానే ఉండేవారు, నాకు అదే పెద్ద శిక్ష. పిల్లలెట్లా చదువుతున్నారని అడిగేవారు, గొంతు పాడు చేసుకుంటున్నావు కరక్కాయ వేసుకో అనేవారు. తిట్టి ఉంటే నేను కూడా నాలుగు అని, ఏడ్చి, తేలికపడేదాన్ని. కిందటి క్రిస్మస్‌కు గట్టిగా అనుకుని కేకు పట్టుకుని వెళ్ళాను. మనిషి బాగా చిక్కిపోయారు, మంచం మీద దిండుకు ఆనుకుని ఉన్నారు. టీచర్ గారూ, పిడుగురాళ్ళలో ఆ రోజు నేను, అని మొదలుపెట్టాను. మధ్యలోనే అందుకున్నారు.

"ఆ రోజు నువ్వు ఎందుకు ఆపేశావే?" అన్నారు.

నాకు అర్థం కాలేదు.

"పరదా సంగతి కాదు. పాట. నువ్వు ఆపేస్తే నేనొక్కదాన్ని ఎంత బోసిగా పాడానో తెలుసా? కింద నువ్వు ఉన్నావన్న ధైర్యంతోనే కదా నేను అంత పైకి పోయేదాన్ని."

ఇన్నేళ్ళూ ఆవిడ మనసులో ఉంచుకున్న కోపం అదీ. నేను మోసిన తప్పు ఒకటి, ఆవిడ లెక్కపెట్టిన తప్పు ఇంకొకటి. కేకు ముక్క కోసి చేతికిచ్చి, కాఫీ పెడతానని వంటింట్లోకి పోయి అక్కడే నిలబడిపోయాను. క్షమించానని ఆవిడ అనలేదు, లేదనీ అనలేదు. నేను మళ్ళీ అడగలేదు. అదే చివరిసారి చూడటం.

భూస్థాపనకు నలుగురం కలిశాం. ఖాసిం మనవడి బండి వెనక కూర్చుని వచ్చాడు, మోకాళ్ళ నొప్పులు. క్వయర్ పిల్లలు ఎలక్ట్రిక్ కీబోర్డుతో చక్కగా పాడారు. ఇప్పటి పాస్టరు గారు చిన్నవారు, పాత సంగతులేమీ తెలియవు, యాభై ఏళ్ళకు పైగా సంఘంలో నమ్మకంగా ఉన్న సహోదరి అని ఆవిడ గురించి నాలుగు మంచి మాటలు చెప్పారు. పాట గురించి ఒక్క మాట రాలేదు. నాలో నేను ఉడికిపోయాను. లేచి చెప్పేద్దామని రెండుసార్లు అనుకున్నాను, సువార్త నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. ఆ మంటలోనే, ఇంటికి వెళ్ళగానే ఇది రాద్దామనుకున్నాను. ఆవిడ పేరు, ఫొటో, ఊరు, అన్నీ పెట్టి. ఇప్పుడు అవేవీ పెట్టడం లేదు. తిరిగొచ్చే దారిలో జరిగినదాని వల్ల.

సమాధుల తోట ఊరికి దూరం, బావ బండి మీద పొలాల దారిన వస్తున్నాం. రోడ్డు పక్క కళ్ళంలో ఎర్రగా కాయలు ఆరబోసి ఉన్నాయి, ఆరేడుగురు ఆడవాళ్ళు చుట్టూ కూర్చుని రంగు పోయిన తాలు కాయలు ఏరుతున్నారు. పాడుకుంటున్నారు. బండి ఆపమన్నాను. అదే పాట. మాటలు కొన్ని మారిపోయాయి, చరణం ఒకటి వాళ్ళే కొత్తగా కలిపారు, డిస్కో దెబ్బ పోయి చేతుల కదలిక వచ్చింది. కానీ పైగొంతు మాత్రం ఎక్కడా మెట్టు జారలేదు. ఈ పాట ఎక్కడిదమ్మా అని అడిగాను. ఒకావిడ తలెత్తకుండానే, "ఎక్కడిదో ఎవరికి తెలుసమ్మా. మా అమ్మ పాడేది, మేం పాడతన్నాం" అంది.

నా నోటి దాకా వచ్చింది. ఫలానా ఆవిడ కట్టింది, ఇందాకే మట్టి చేసి వస్తున్నాం అని చెప్పేస్తే ఏడుగురూ పాట ఆపి నా వైపు చూస్తారు. బావ ఈసారి వద్దని తల ఊపలేదు. నేను చెప్పులు విప్పి, వాళ్ళ మధ్యన కూర్చుని, తాలు కాయ ఒకటి ఏరి పక్కన వేశాను. వాళ్ళు మళ్ళీ ఎత్తుకున్నారు. నేను కింద నా రెండో గొంతు కలిపాను.

అందరికంటే చిన్నపిల్ల ఒకతి అనుమానంగా నా వైపు చూసింది. "ఇదేందమ్మా, మీరు ఏరేగా పాడతన్నారు?"

"నువ్వు ఆపకే. నీది నువ్వు పాడు" అన్నాను.

ఘాటుకు కళ్ళు మండిపోతున్నాయి, దగ్గు గొంతులోకి వస్తోంది. ఆ పిల్ల పైకి పోయింది, ఆ పక్కనున్నామె ఇంకా పైకి పోయింది. నేను ఆపలేదు.